ముత్తయ్య చేను చుట్టి వెళ్ళే దారి

నేను భద్రాచలం చూడలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. నవమికి జనం కాలినడకన పోయే దారి మీద అన్ని రోజులుండి, రాముడి గుడి గోపురమైనా కళ్ళబడకుండా తిరిగొచ్చాను. ఊళ్ళోవాళ్ళు "కల్యాణం బాగా జరిగిందా?" అని అడిగితే మొదట్లో ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. తర్వాత ఓపిక లేక, "బాగానే జరిగిందట" అని ఊరుకుంటున్నాను.

మేం వెళ్ళింది మొక్కు తీర్చుకోవడానికి కాదు, ఆ దారి బాగుచెయ్యడానికి. మా కృష్ణాజిల్లా ఊళ్ళ నుంచి ఏటా నవమికి జనం భద్రాచలం నడిచి వెళ్తారు. బస్సులు పెరిగాక చాలామంది బస్సే ఎక్కుతున్నారు గానీ, నడిచేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళది బస్సు రోడ్డు కాదు. పొలం గట్ల మీదుగా, చిట్టడవి లోంచి, రాళ్ళ మిట్టల పక్క నుంచి పోయే కాలిబాట. ఏడాది పొడుగునా దాని మొహం చూసేవాడుండడు. వానలకి ముళ్ళకంప అల్లుకుంటుంది, బావులు పూడిపోతాయి, దారి గుర్తుకు పెట్టిన రాళ్ళ మీద సున్నం కొట్టుకుపోతుంది. అందుకని నవమికి ముందు కొంతమంది వెళ్ళి కంప కొట్టి, పూడిక తీసి, రాళ్ళకి మళ్ళీ సున్నం పూసి, నీళ్ళు దొరకని చోట చలివేంద్రం పెట్టి వస్తారు. కూలి అంటూ ఏమీ ఉండదు. ఎవరింటి బియ్యం వాళ్ళు తెచ్చుకుని, అన్నీ కలిపి వండుకుని తినడమే.

ఆ వంటకే నన్ను తీసుకెళ్ళారు.

తిరువూరు

మా బావగారు, అంటే మావారి అన్నగారు వెంకట్రామయ్యగారు, వినగడపలో ఉంటారు. మామిడితోట, కాస్త మెట్ట పొలం ఉన్నాయి. అరవై దాటినా చెట్టెక్కి కాయ దింపే మనిషి. భార్య పోయి చాలా కాలమైంది. చిన్నతనంలో తల్లి వెంట ఆ దారిన నడిచారట. పెద్దయ్యాక ఆ దారి బాగోగులు తన నెత్తిన వేసుకున్నారు. ఒకప్పుడు ఆయన పిలిస్తే ఊళ్ళకి ఊళ్ళు కదిలేవని చెప్పుకుంటారు. ఏటేటా జనం పలచబడుతూ వచ్చారు. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు, ఎప్పుడూ వంటకి వచ్చే ఆయన కూడా మోకాళ్ళు పట్టేశాయని మానేశాడు.

ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం బావగారు తిరువూరులో మా ఇంటికి వచ్చి, వసారాలో కూర్చుని, మావారితో అన్నారు: "వంటకి మీ ఆవిడ వస్తుందేమో అడుగు."

నేను తలుపు వెనకే ఉన్నాను. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ఎదుటపడి మాట్లాడదు. పెళ్ళయి ఇరవయ్యేళ్ళు దాటినా ఆయనకి వడ్డించడమే గానీ, ఎదురుగా నిలబడి రెండు ముక్కలు మాట్లాడిన పాపాన పోలేదు. మావారు తలుపువైపు తిరిగి, "ఏమంటావ్ మాణిక్యం?" అన్నారు. "వస్తానని చెప్పండి" అన్నాను. నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషికి ఆయన ఆ కబురు అందించారు.

భక్తితో ఒప్పుకున్నానంటే అబద్ధం. అలిసిపోయి ఒప్పుకున్నాను. అత్తగారు మంచాన పడి పోయేదాకా చేసిన చాకిరీ, ఇద్దరు కూతుళ్ళ పురుళ్ళు, మావారి ఎరువుల కొట్టుకి వచ్చేపోయే రైతులకి కాఫీలు. ఊరు కదిలితే కాస్త గాలి మారుతుంది, అడవిలో ఏ చెట్టు కిందో నడుం వాల్చొచ్చు అనుకున్నాను. ఇంట్లో పదిమందికి వండినదాన్ని, అయిదుగురికి వండలేనా అనుకున్నాను. ఇంట్లో అయితే నీళ్ళకుండ పక్కనే ఉంటుందన్న సంగతి అప్పుడు తట్టలేదు.

అయిదుగురంటే బావగారు, నేను, బస్సు కండక్టరు నరసింహంగారు, ప్రకాశం, అతని భార్య రూతమ్మ. నరసింహంగారు సెలవు పెట్టి వచ్చారు. నిలబడి నిలబడి ఆయన కాళ్ళు ఎప్పుడూ వాచి ఉండేవి. ప్రకాశం వాళ్ళు చర్చి పేటలో ఉంటారు, కూలికి వెళ్తారు. బావిలోకి దిగి పూడిక తీయడంలో అతనిది పెట్టింది పేరు. రాముడి దారికి వాళ్ళెందుకు వస్తారో నాకు అర్థంకాక, మొదటి రోజే రూతమ్మని అడిగాను.

"ఎండాకాలం పనుల్లేక ఇంట్లో కూకుంటే ఆయనకి పిచ్చెక్కుద్దండి," అంది. "ఆయన ఇంట్లో కూకుంటే నాకు పిచ్చెక్కుద్ది. అందుకని ఇద్దరం వచ్చేత్తాం."

పొలిమేర

సామానంతా రెండు కావళ్ళు, మూడు తలమూటలు. గొడ్డళ్ళు, కొడవళ్ళు, పలుగులు, పారలు, సున్నం తట్ట, చేంతాడు, బియ్యం, నా వంట గిన్నెలు. తిరువూరు దాటి రోడ్డు వదిలి గట్లెక్కగానే పని మొదలైంది. ముందు ప్రకాశం, బావగారు కంప కొట్టుకుంటూ పోతారు. వెనక నరసింహంగారు రాళ్ళకి సున్నం పూస్తారు. రూతమ్మ కొట్టిన కంప పక్కకి లాగుతుంది. నేను ముందుగా వెళ్ళి నీళ్ళు, నీడ ఉన్న చోటు చూసి, మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజెయ్యాలి. నీళ్ళున్నచోట నీడ ఉండదు. నీడ ఉన్నచోట ఎర్రచీమలుంటాయి.

చెట్టు కింద నడుం వాల్చడం అనే కోరిక రెండో రోజుకే వదులుకున్నాను. అన్నం వార్చి, వడ్డించి, గిన్నెలు బూడిదతో తోమి మూట కట్టేసరికి వాళ్ళు లేచి గొడ్డళ్ళు అందుకునేవాళ్ళు. ఒకచోట కోతులొచ్చి బెల్లం ఎత్తుకుపోయాయి. ఇంకోచోట నరసింహంగారు కాలుజారి సున్నం తట్టలో కాలు పెట్టారు. చెప్పులు తెల్లబడ్డాయి.

"మాణిక్యమ్మగారూ, ఈ రూట్లో ఏళ్ళ తరబడి టికెట్లు కొట్టాను," అన్నారు ఆయన, మట్టిలో కాలు రాసుకుంటూ. "తిరువూరు నుంచి పెనుబల్లికి ఇంత దూరముందని ఎప్పుడూ తెలీలేదండీ."

ఖమ్మం జిల్లాలో అడుగు పెట్టామని ఏ బోర్డూ చెప్పలేదు, మాటే చెప్పింది. మా వైపు "ఎక్కడికండీ?" అనేవాళ్ళు, అటు దాటాక "ఏడికి పోతున్నరు?" అనడం మొదలుపెట్టారు. వరి మడులు తగ్గి జొన్న, కంది, మిరప వచ్చాయి. 

పెనుబల్లి

పెనుబల్లిలో టీ పావలా. తిరువూరులోనూ అంతే గానీ ఇక్కడ గ్లాసు పెద్దది, పాలు తక్కువ. హోటలాయన మా చేతుల్లో గొడ్డళ్ళు చూసి అడవి కొట్టేవాళ్ళమనుకుని కంగారుపడ్డాడు. దారి బాగుచేసేవాళ్ళమని తెలిశాక, "ఎవలు నడుస్తున్నరమ్మా ఇప్పుడు? బస్సులున్నయి గద!" అన్నాడు. బావగారు విననట్టు టీ తాగారు. నాకు మాత్రం ఆ మాట ఆ పూటంతా చెవిలో ముల్లులా ఉండిపోయింది. నడిచేవాళ్ళే లేని దారికి నేను ఎందుకు ఇలా వీపు కాల్చుకుంటున్నాను?

అక్కడ ఒకామె జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ నూరిన చింతపండు పచ్చడి పెట్టింది. మాకు జొన్నరొట్టె జబ్బు చేసినవాళ్ళ తిండి. వాళ్ళకి అదే భోజనం, అన్నం పండగనాటి మాట. చేత్తో తట్టి అంత పల్చగా ఎలా చేస్తారో చూద్దామని కూర్చున్నాను. చూస్తూ చూస్తూనే గోడకి ఆనుకుని నిద్రపోయానట. రూతమ్మ తట్టి లేపింది.

ముత్తయ్య చేను

పెనుబల్లి దాటి అడవి మొదలయ్యే చోట దారికి అడ్డంగా కొత్త ముళ్ళకంచె ఉంది. కంచెకి అవతల పచ్చగా వేరుశనగ చేను. ఆ చేలో కొత్తగా తవ్విన బావి, బావి పక్కన తాటాకు గుడిసె. పోయినేటి దాకా దారి ఆ చేలో నుంచే పోయేదని బావగారు చెప్పారు.

ఆయన ప్రకాశాన్ని కంచె తీయమన్నారు. ప్రకాశం గొడ్డలి ఎత్తేలోగానే గుడిసెలోంచి ఒకతను పరుగెత్తుకొచ్చాడు. నలభయ్యేళ్ళుంటాయి, ఎండకి ఎండిన మనిషి. పేరు ముత్తయ్య.

"దారి లేదు," అన్నాడు. "తిరిగి పోండ్రి."

"తాతల నాటి దారయ్యా ఇది," అన్నారు బావగారు. "నీ బావి మొన్న తవ్వింది."

"తాతల నాడు ఈడ తుమ్మకంప ఉండె. కంపల నడిస్తే ఎవలు వద్దన్నరు? ఇప్పుడు పల్లి ఉన్నది."

"నడిచేది దేవుడి దగ్గరికి పోయేవాళ్ళు. నాలుగు మొక్కలు పోతే పోతాయి. పుణ్యమొస్తుంది నీకు."

ముత్తయ్య నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. "పోయినేడు వచ్చింది పుణ్యం. ఒక్కొక్కలు ఒక్క చెట్టే పీకిండ్రు. ఎక్కువ పీకలే. రామా రామా అనుకుంట పీకి, కాయ తినుకుంట పోయిండ్రు. ఎంతమంది పోయిండ్రో మీకే ఎరుక. నా పొలగాండ్లు ఏం తినాలె?"

బావగారి మొహం ఎర్రబడింది. పెద్దమనుషుల్ని పిలుస్తానన్నారు, పోలీసులన్నారు. ముత్తయ్య వెళ్ళి కంచె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "నన్ను తొక్కి తీయుండ్రి," అన్నాడు.

ఈ గొడవ జరుగుతున్నంతసేపూ నేను బావి దగ్గరున్నాను. వంటకి నీళ్ళ కోసం వెళ్తే ముత్తయ్య భార్య నర్సమ్మ ఏమీ అడక్కుండా చేదతో తోడి పోసింది. "ముందు నువ్వు తాగక్కా, మొకమంత వాడిపోయింది," అంది. బావి చాలా లోతు. మొగుడూ పెళ్ళాం ఇద్దరే రెండు ఎండాకాలాలు తవ్వారట. ఆమె అరచేతులు చూశాను. తాడు ఒరుసుకుని కాయలు కాసి, మా ఇంటి రోకలిలా నున్నగా ఉన్నాయి. అటు మొగుడు కంచె ముందు కూర్చుంటే, ఇటు ఈమె మాకు నీళ్ళు తోడుతోంది.

నాకు ఏమైందో తెలీదు. బిందె కింద పెట్టి వెళ్ళి, "బావగారూ," అన్నాను.

నరసింహంగారు చేతిలో సున్నం కుంచె పట్టుకుని అలాగే ఉండిపోయారు. బావగారు నావైపు చూడకుండా నేలవైపు చూశారు.

"ఆయన చెప్పేదాంట్లో తప్పేముందండీ? చేను చుట్టూ తిప్పి దారి వేద్దాం."

"చుట్టూ ఏముందో చూశావా అమ్మాయ్?" అన్నారాయన. "అంతా రాతి మిట్ట. అక్కడ దారి పడాలంటే ఎంత చాకిరీయో తెలుసా?"

"తెలీదండీ. కానీ చేను ఆయనది కదా."

ఆయన పలుగు తీసి భుజాన వేసుకుని మిట్టవైపు నడిచారు. ఆయన గెలిచారో ఓడారో, నేను చేసింది మంచో చెడో తెలియకుండానే మేం నలుగురం వెనకే వెళ్ళాం.

మిట్ట

ఆ మిట్ట నిండా బలుసు పొదలు, రేగుకంప, కాలు పెడితే దొర్లే రాళ్ళు. పక్కన వాలు. కంప కొడితే సరిపోదు. రాళ్ళు పెకలించి, వాలు వైపు వరసగా పేర్చి, మట్టి పోసి తొక్కాలి. మోదుగుపూలు రాలి ఎండిపోయి కాళ్ళకింద గలగలమనేవి. నీడనిచ్చే చెట్టు లేదు. వంట ఒకపూటకి తగ్గించి నేనూ తట్ట అందుకున్నాను. మధ్యాహ్నం కల్లా అరచేతులు బొబ్బలెక్కాయి.

బావగారు ఎవరితోనూ మాట్లాడ్డం మానేశారు. మేం మిట్టమధ్యాహ్నం గుడిసె నీడకి దిగినా ఆయన దిగేవారు కాదు. రాయి మీద రాయి పేరుస్తూ ఉండేవారు. కోపమో, పంతమో, అంత పెద్ద పని నవమికి అయ్యేది కాదన్న భయమో నాకు తెలీదు. ఆ పని పెట్టింది నేను. ఆయన్ని కాసేపు కూర్చోమని చెప్పండని నరసింహంగారితో అన్నాను. ఆయన వెళ్ళి చెప్పి వచ్చారు. "వినలేదండీ. నన్నే మజ్జిగ తాగి పడుకోమన్నారు."

ఉగాది ముందురోజు, ఎండ నడినెత్తికి వచ్చాక, మిట్ట మీద నుంచి రాళ్ళ చప్పుడు ఆగిపోయింది. ప్రకాశం తల తిప్పి చూసి కేకేశాడు.

ఆయన బోర్లా పడి ఉన్నారు. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. కళ్ళు తెరిచి ఉన్నాయి గానీ ఎవర్నీ చూడటం లేదు. ప్రకాశం, నరసింహంగారు మోసుకొచ్చి గుడిసెలో పడుకోబెట్టారు. ఇరవయ్యేళ్ళు ఎదుట నిలబడని దాన్ని, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని చీర చెంగు తడిపి మొహం తుడిచాను. నర్సమ్మ ఉల్లిపాయలు దంచి అరికాళ్ళకి రుద్దింది. రూతమ్మ బావిలో నీళ్ళు తోడి తోడి ఒంటి మీద గుమ్మరించింది. ఎవరు ఎవర్ని తాకుతున్నారన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ముత్తయ్య అప్పటికే ఎడ్లు కట్టాడు. "పెనుబల్లిల డాక్టరుంటడు. బండిల గడ్డి పరిచిన. తొందరగ," అన్నాడు.

బండిలోకి ఎక్కిస్తుంటే బావగారి పెదాలు కదిలాయి. వంగి విన్నాను. "చెప్పులు," అన్నారు. "నా చెప్పులేవీ?"

మిట్టెక్కి వెతికి తెచ్చి ఆయన కాళ్ళకి తొడిగాను. కాళ్ళు ఇంకా కాలుతూనే ఉన్నాయి. నరసింహంగారు బండి ఎక్కి కూర్చుని, "డాక్టరు చూశాక ఏ బస్సునైనా ఆపి తిరువూరు చేరుస్తాను. వెనక సీటు మొత్తం ఖాళీ చేయిస్తాను. మీరు భయపడకండి," అన్నారు. 

నేనూ ఆ బండి ఎక్కగలిగేదాన్నే. ఎందుకు ఎక్కలేదని మావారు తర్వాత అడిగారు. దారి సగంలో ఆగిపోయింది. మేం వెళ్ళిపోతే, నడిచేవాళ్ళు వచ్చి కంచె పీకి చేలో నుంచే పోతారు. అప్పుడు ముత్తయ్య ఏమైపోవాలి? బావగారు పడింది దేనికి? ఇవన్నీ తర్వాత పేర్చుకున్న జవాబులు. ఆ క్షణాన మాత్రం, నేనన్న మాట వల్లే ఆయన పడ్డారన్నది ఒక్కటే మనసులో ఉంది. దాన్ని మోసుకుంటూ ఇంటికి పోయే ధైర్యం లేకపోయింది.

ఉగాది

పొద్దున్నే నర్సమ్మ కొత్త కుండ ముందు పెట్టింది. ఉగాది పచ్చడి. మా ఇంట్లో అయితే చిక్కగా కలిపి, దేవుడి దగ్గర పెట్టి, అరచేతిలో నాకేంత వేస్తాం. వీళ్ళది నీళ్ళలా పల్చగా, చింతపండు పులుపుతో, గ్లాసుల కొద్దీ తాగేది. మామిడి ముక్కలు, వేపపూత పైన తేలుతున్నాయి. ముందురోజు నుంచీ ఏమీ తినలేదేమో, మూడు గ్లాసులు తాగాను. 

"బాగుందా అక్కా?" అంది.

బాగుందని చెప్పబోతే ఏడుపొచ్చింది. ఆమె ఇంకో గ్లాసు పోసింది.

ఎండెక్కుతుండగా బండి తిరిగొచ్చింది. ముత్తయ్య దిగి ముందు ఎడ్లకి నీళ్ళు పెట్టాడు. "సూది మందు ఇచ్చిండ్రు. పొద్దుగాల బస్సుల ఎక్కించినం. కండ్లు తెరిచిండు గని మాట తెలుస్తలేదు," అన్నాడు. అంతకుమించి అతనికి తెలీదు.

ఆ తర్వాత అతను గుడిసెలో పడుకోలేదు. గడ్డపార తీసుకుని మిట్ట ఎక్కాడు. పెద్ద రాళ్ళకి మోకు కట్టి ఎడ్లతో లాగించాడు. మా చేతుల్లో ఎన్నాళ్ళు పట్టేదో గానీ, ఎడ్లు రావడంతో పని తెమిలింది. ఎత్తుగా ఉన్నచోట మెట్లలా రాళ్ళు పరిచాం. నరసింహంగారు వదిలేసి వెళ్ళిన కుంచె తీసి సున్నం నేనే పూశాను. ఆ దారి చేను అంచునే వంకరలు తిరుగుతూ మిట్టెక్కి, అవతల దిగి, పాత దారిలో కలుస్తుంది. అందంగా లేదు. ఇక చాలనుకుని పలుగు పారేసిన చోటల్లా ఒక వంకర ఉంది.

అడవి బావి

ఇంకా ముందుకి, అడవిలో ఒక పాత బావి ఉంది. అక్కడి నుంచి దారి కొత్తగూడెం వైపు వాళ్ళు చూసుకుంటారు. మా వంతు ఆ బావితో ఆఖరు. ప్రకాశం లోపలికి దిగాడు. రూతమ్మ, నేను పైనుంచి తాడు లాగాం. బురద, కుళ్ళిన ఆకు, పగిలిన కుండ పెంకులు, మళ్ళీ బురద. బొబ్బలు చితికి తాడు ఎర్రబడింది. రూతమ్మ చూసి, నా చేతుల్లోంచి తాడు లాగేసుకుంది.

"ఇయ్యాల నేను వండుతానమ్మగారూ. తింటారా?" అంది.

ఇన్నాళ్ళూ వాళ్ళిద్దరూ నేను వండింది తీసుకుని కాస్త ఎడంగా కూర్చుని తినేవాళ్ళు. ఆవిడ వండింది నేను తినడమనేది మా ఇంటావంటా లేదు. "తింటాను," అన్నాను. చింతచిగురు దూసుకొచ్చి పప్పులో వేసింది. పుల్లగా, వేడిగా, కారంగా ఉంది. ముగ్గురం ఒకే చెట్టు కింద కూర్చుని తిన్నాం. ఇంట్లో తెలిస్తే ఏమంటారో అని ఆలోచించే ఓపిక కూడా లేదు నాకు. అంత రుచిగా మరెప్పుడూ తినలేదు.

సాయంత్రానికి నీళ్ళు ఊరాయి. మొదట బురదగా, తర్వాత తేటగా.

చలివేంద్రం

అక్కణ్ణుంచి వెనక్కి వచ్చి, ముత్తయ్య చేను కనబడేలా మిట్ట దిగే చోట తాటాకు పందిరి వేసి, ఇసుకలో కుండలు పాతి కూర్చున్నాం. రెండో రోజున మొదటి గుంపు వచ్చింది. ఉన్నారు, నడిచేవాళ్ళు ఉన్నారు. పెనుబల్లి హోటలాయన చెప్పినంత తక్కువగా లేరు, బావగారు చెప్పుకునేంత ఎక్కువగానూ లేరు. తలంబ్రాల బియ్యం మూటలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు, పసిపిల్లల్ని భుజాన వేసుకున్న మగవాళ్ళు, కర్రపోటుతో ముసలివాళ్ళు. ముత్తయ్య కంచె లోపల నిలబడి చూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను. సున్నం రాళ్ళ వెంట వాళ్ళు చేను పక్కకి తిరిగారు. మిట్టెక్కారు.

తిరువూరు వైపు నుంచి వచ్చినవాళ్ళందర్నీ వినగడప పెద్దాయన సంగతి అడిగాను. ఎవరికీ తెలీదు. మూడో రోజు ఒక గుంపులో విస్సన్నపేట ఆయన, లావాటి మనిషి, ఆయాసపడుతూ దిగి పందిరి కింద కూలబడ్డాడు.

"పోయినేడు హాయిగా చేలో నుంచి తిన్నగా పోయేవాళ్ళం," అన్నాడు నీళ్ళు తాగి. "ఈ వంకర దారి ఏ బుద్ధిలేనివాడు వేశాడో గానీ, మోకాళ్ళు పోయాయమ్మా!"

రూతమ్మ నావైపు చూసింది. నేను ఇంకో చెంబు నీళ్ళు పోసి, వినగడప సంగతి అడిగాను.

"వినగడపా? ఎవరో పెద్దాయన పోయారన్నారే. ఎండదెబ్బేనంట. దారిలో ఎవరో అనుకుంటుంటే విన్నాను. పేరు తెలీదు."

చెంబు నా చేతిలోనే ఉంది. ఆయన ఇంకేవో చెప్తున్నాడు గానీ నాకు వినపడలేదు. నర్సమ్మ వచ్చి చెంబు తీసుకుంది.

"నువ్వు పో అక్కా," అంది. "నవమి దాక మేం పోస్తం నీళ్ళు. మా ఇంటి ముందర దారే గద."

వినగడప

పెనుబల్లిలో బస్సెక్కి తిరువూరులో దిగాను. మా కొట్టుకి తాళం వేసి ఉంది. మావారు పగటిపూట కొట్టు మూసే మనిషి కాదు. పక్క కొట్టాయన, "వినగడప వెళ్ళారండీ, పొద్దున్నే," అన్నాడు.  వినగడపకి ఎలా చేరానో గుర్తు లేదు. ఊళ్ళోకి పోగానే ఒక వీధిలో డప్పులు వినపడ్డాయి. అక్కడే ఒకరి అరుగు మీద కూర్చున్నాను. ఆ ఇంటావిడ నన్ను గుర్తుపట్టి, "మీ బావగారి దగ్గరికా? మామిడికాయ పప్పు కావాలని అడిగాడంట, మీ ఆయన కాయలు కోస్తున్నాడు తోటలో," అంది. డప్పులు వేరే వాళ్ళింట్లో దినానివి. ఎండదెబ్బకి పోయింది ఆ వీధి పెద్దాయన.

బావగారు వసారాలో నులకమంచం మీద ఉన్నారు. సగమైపోయారు. కుడిచెయ్యి వణుకుతోంది, మాట కొంచెం ముద్దగా వస్తోంది. డాక్టరు ఇక ఎండలోకి పంపొద్దన్నాడట. గుమ్మంలో నన్ను చూసి, రమ్మన్నట్టు తల ఊపారు. వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"అయ్యిందా అమ్మాయ్?"

"అయ్యిందండీ."

"నడిచారా?"

"నడిచారండీ. తిట్టుకుంటూ నడిచారు."

"ఏమని?"

చెప్పాలా వద్దా అనుకుని చెప్పేశాను. "వంకర దారి ఏ బుద్ధిలేనివాడు వేశాడో అన్నారండీ."

ఆయన కళ్ళు మూసుకున్నారు. బాధపడ్డారేమోనని భయపడ్డాను. 

"చేలోకి దిగారా ఎవరన్నా?"

"నేనున్నంతవరకు ఒక్కళ్ళూ దిగలేదండీ. అందరూ చుట్టూ తిరిగే వెళ్ళారు."

 నిద్రపోయారనుకుని లేవబోతుంటే కళ్ళు తెరిచారు.

"ఆ దిగే చోట, వాలు దగ్గర, మట్టి కొత్తది," అన్నారు. "వానలకి కొట్టుకుపోతుంది. కార్తీకంలో ఒకసారి వెళ్ళి చూడాలి."

నా చేతులకి ఇంకా గుడ్డలు కట్టే ఉన్నాయి. కాళ్ళు ఎక్కడ ఆనించినా మంటగా ఉంది. తిరువూరులో కొట్టుకి తాళం, ఇంటి వాకిలి చిమ్మి ఎన్నాళ్ళయిందో.

"చూసొస్తానండీ," అన్నాను.